సుద్దగీత దగ్గరే అడగాలి

పొద్దున్న ఏడున్నరకి రెండు టీ కప్పులు మేడమీదికి వెళ్ళిపోయాయి. ఒక్క కప్పు కింద కుట్టుమిషను పక్కన మిగిలింది. మాస్టరమ్మ ఆ ఒక్క కప్పుకేసి చూసి మూతి ముడుచుకుంది.

"కన్నతల్లి కింద కూర్చునుంటే టీ పైన తాగడమేమిటో!" అంది. వినడానికి ఆ గదిలో మిషను తప్ప ఎవరూ లేరు.

ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఇంటి ముందుగదిలోనే కోట్లూ చొక్కాలూ కుడుతోంది, అందుకే వీధికి మాస్టరమ్మ. భర్త పోయాక ఆ కత్తెరతోనే ఇల్లు నడిపింది, కూతుర్ని పెంచింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి ఊరికే పోతారా? ఇల్లు మారమంటారా, పిల్లవాణ్ణి ఈ బడిలోనే ఉంచమంటారా, అత్తగారితో రాజీపడమంటారా అని ఆవిణ్ణే అడుగుతారు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు, ఆ సందులోంచే అందరికీ సలహాలు. వీధి వీధంతా అడుగుతుంది. అడగనిదల్లా సొంత కూతురే.

ఆ పిల్లని ఇంట్లో బుల్లీ అంటారు. ఇరవై రెండేళ్ళు. ఏ చిన్న మాటొచ్చినా గబగబా మేడెక్కేస్తుంది. పైన ఉండేది పిన్ని, అంటే మాస్టరమ్మ తోటికోడలు. డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి. ఆ మనిషి దగ్గర ఏముందట? ఇదే మాస్టరమ్మ కడుపుమంట. పైకి ఒప్పుకోదు గానీ, అది అచ్చంగా అసూయే.

మొన్న ఆ తోటికోడలి కోటుకే గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. పైనుంచి కూతురి నవ్వు వినబడింది. కింద తనతో ఉన్నప్పుడు ఎన్నడూ నవ్వని నవ్వు. దాని వెనకాలే తోటికోడలి నవ్వు. ఆ సరికి కత్తెర సుద్దగీత దాటి ఓ అంగుళం లోపలికొచ్చేసింది. మాస్టరమ్మ చూసింది. చూసి కూడా ఆపకుండా కింది దాకా కత్తిరించేసింది.

ఎనిమిదింటికి పిన్ని కోటు తొడిగి చూసుకోవడానికి దిగొచ్చింది. వెనకాలే ఖాళీ కప్పులతో బుల్లి.

"వీపు దగ్గర పట్టేస్తోందక్కా" అంది పిన్ని. రెండు చేతులూ ముందుకి చాచి, లేని స్టీరింగు పట్టుకుని ఎడమవైపుకి తిప్పింది. వెనక కుట్టు పర్రుమంది. "అయ్యయ్యో! నేనే లావయ్యానేమోలే."

"అవును మరి, కూర్చుని చేసే ఉద్యోగం కదా!" అంది మాస్టరమ్మ. అంత అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

బుల్లి కోటు వీపుకేసి చూసింది. తల్లికేసి చూసింది.

"అది సరేగానీ బుల్లీ," కోటు విప్పుతూ అంది పిన్ని, "ఇవాళ సాయంత్రం ఐదింటితో గడువైపోతుందన్నావు. ఆ ఫారం పంపావా లేదా?" అని టక్కున నాలిక్కరుచుకుంది.

"ఏ ఫారం?" మాస్టరమ్మ గొంతు చల్లగా ఉంది. ఆవిడ అరిస్తే ఇంట్లో ఎవరూ భయపడరు, ఇలా మాట్లాడితేనే భయం.

బుల్లి కప్పులు బల్లమీద పెట్టింది. "కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేసే చోట శిక్షణమ్మా. రెండేళ్ళు. సీటొచ్చింది, చేరతానని ఫారం పంపాలి. వేరే ఊళ్ళో ఉండాలి."

"ఎప్పుడొచ్చింది?"

"పది రోజులైంది."

"పది రోజులు! పైనున్నావిడకి పది రోజుల క్రితం తెలిసింది. కింద తొమ్మిది నెలలు మోసినదానికి ఇవాళ తెలిసింది, అదీ ఆవిడ నోరు జారితే! నన్నో మాట అడగాలనిపించలేదుటే నీకు? ఊరందరికీ పనికొచ్చిన నా సలహా నీకు పనికిరాకుండా పోయిందా?"

"అక్కా, అది కాదు..." అంది పిన్ని.

"నువ్వుండమ్మా! నా కూతుర్ని నాక్కాకుండా చేసింది చాలు!"

మాస్టరమ్మ విసురుగా మూలకి వెళ్ళి, గోడకి ఆనించిన పెద్ద కట్ట మీది కాగితం చింపిపారేసింది. లోపల కొత్త బోర్డు. నీలం మీద తెల్ల అక్షరాలు: తల్లీకూతుళ్ళ కుట్టుపని. కొలతలకు సంప్రదించండి.

"చూడు! ఇదీ నేను నీకోసం చేసుకున్నది. నెల్లాళ్ళ క్రితమే రాయించాను. ఇవాళ తగిలించి నిన్ను సంతోషపెడదామనుకున్నాను. పిచ్చిదాన్ని!"

బుల్లి ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సంప్రదించండి అని వీధందరికీ రాయించావు. మరి నన్ను సంప్రదించావా అమ్మా?"

"నీ మంచికి చేసేదానికి నిన్ను సంప్రదించడమేమిటే?"

"ఎవరి గుడ్డయినా సరే, సుద్దగీత గీసి రెండుసార్లు అడుగుతావు. పొడవు చాలా, భుజం సరిపోయిందా అని. గీత చెరిపి మళ్ళీ గీసుకోవచ్చు, కత్తెర పడ్డాక అడిగి లాభం లేదని నాకు నేర్పింది నువ్వే. నా విషయానికొచ్చేసరికి మాత్రం అన్నీ నువ్వే కత్తిరించేస్తావు. తీసుకొచ్చి తొడుక్కోమంటావు. నేను ఏం చదవాలో అంతే, ఎవరితో స్నేహం చెయ్యాలో అంతే. ఈ బోర్డూ అంతే. నాకు చెబుతావమ్మా, కానీ నన్నెప్పుడూ అడగవు."

మాస్టరమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. మిషను పక్కన టీ మీద మీగడ కట్టింది.

"పోయినేడు కుడిచెయ్యి లేని పెద్దాయన వచ్చాడు, గుర్తుందా? చొక్కా చేతిని మూసి కుట్టమన్నావు, కుట్టాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. చెయ్యి మూసి కుట్టడం కాదు, అందులోకి చెయ్యి చేసిపెట్టాలనిపించింది. నీతో చెబుదామని వచ్చాను. నేను నోరు తెరిచేలోపే, ఆలస్యమైంది, గుండీల కాజాలు కుట్టు అన్నావు."

"అందుకని పిన్ని దగ్గర సలహా తీసుకున్నావా?"

"పిన్ని ఏం చెప్పిందో తెలుసా? ఏమీ చెప్పలేదు. ఎప్పుడడిగినా, నీకేమనిపిస్తోందే అంటుంది. ఆ ఒక్కమాట వినడానికే మెట్లెక్కుతాను."

పిన్ని కోటు మడిచి బల్లమీద పెట్టింది. "నేనేదో గొప్ప తెలివితేటలతో అనలేదక్కా. కారు నేర్పేదాన్ని. వాళ్ళ చేతుల్లోంచి స్టీరింగు నేను లాక్కుంటే వాళ్ళకి ఇంకెప్పటికీ రాదు. అంతే." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇంకోమాట. ఈ పిల్ల పైకొచ్చి నా పక్కన కూర్చుంటుందా, గంటసేపూ నీ గురించే. అమ్మ బాధపడుతుందేమో, అమ్మ ఒక్కత్తీ ఎలా ఉంటుందో అని. నాకా పిల్లల్లేరు. నాకు మండదూ? నా కుళ్ళు సంగతి ఎవరడగాలి?"

చెప్పులేసుకుని చరచరా డ్యూటీకి వెళ్ళిపోయింది.

బుల్లి ముక్కు తుడుచుకుని కాజాల ముందు కూర్చుంది. మాస్టరమ్మ కోటు మడత విప్పి బల్లమీద పరిచింది, మడిచింది, మళ్ళీ పరిచింది. పావుగంట గడిచింది. ఆ పావుగంటలో ఆవిడ తన కూతురు తననేం అడిగిందో కాదు, తను కూతుర్ని ఎప్పుడేం అడిగిందో వెతుక్కుంది. అన్నం తిన్నావా అని అడిగింది. అంతకుమించి ఒక్కటీ దొరకలేదు.

"బుల్లీ, ఇలా రా" అంది చివరికి. "ఈ కోటుని ఏం చెయ్యమంటావు?"

బుల్లి చేతిలో సూది ఆగిపోయింది. పనిలో ఏం చెయ్యాలని అమ్మ తనని అడగడం ఆ పిల్ల పుట్టి ఎరగదు.

"పిన్ని లావవలేదే. కొలతా తప్పలేదు. మొన్న మీరిద్దరూ పైన నవ్వుకుంటున్నారు. నాకు కుళ్ళొచ్చింది. గీత దాటిందని చూసి కూడా ఆపలేదు. ఇరవై ఏళ్ళలో ఎవరి గుడ్డా పాడుచెయ్యలేదు, ఇంటిమనిషిది పాడుచేశాను." మాస్టరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "సిగ్గుగా ఉందే."

"చూడగానే తెలిసిందమ్మా నాకు" అంది బుల్లి మెల్లిగా. తల్లి పక్కకొచ్చి కోటు తిరగేసింది. "వెనక నిలువునా విప్పుదాం. మధ్యలో ఇంకో పట్టీ అతికి లోపలికి మడత పెడదాం. మామూలుగా ఉన్నప్పుడు మడత మూసుకునుంటుంది, స్టీరింగు తిప్పితే తెరుచుకుంటుంది."

"నాకు తట్టనేలేదు సుమీ!" అంది మాస్టరమ్మ. మెచ్చుకోవడం ఇష్టంలేనట్టే అంది గానీ, వెంటనే సుద్ద తీసి కూతురి చేతికిచ్చింది. "నువ్వే గియ్యి."

మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ కోటు మీదే ఉన్నారు. నాలుగున్నరకి ఆఖరి దారం తెంపి బుల్లి తలెత్తింది.

"అమ్మా, ఫారం నింపాను గానీ పంపలేదు. పది రోజులుగా నిన్ను అడగాలనే ఆగాను, భయమేసింది. ఇంకా సుద్దగీత దగ్గరే ఉంది. వెళ్ళనా?"

మాస్టరమ్మ మూలనున్న బోర్డు వైపు చూసింది.

"వద్దనే ఉంది నాకు. అబద్ధమెందుకు? నువ్వు లేని ఈ గది తలుచుకుంటేనే గుండె ఆగిపోతోంది. కానీ అది నా కొలత. నీ కొలత ఏదో నువ్వు చెప్పు."

"వెళ్ళాలనుందమ్మా."

"అయితే పంపు."

బుల్లి ఫోను తీసి, ఫారం పంపేసి, తల్లి మెడ చుట్టూ చేతులేసి వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టరమ్మ ఆ వీపు నిమురుతూనే ఉంది. కాసేపటికి పైన తలుపు తీసిన చప్పుడైంది. పిన్ని వచ్చేసింది. బుల్లి కళ్ళు తుడుచుకుని మెట్లవైపు పరుగుతీయబోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"రేపు చెబుదువుగానిలే. ఈ ఒక్క పూటా నాకొక్కదానికే తెలుసని ఉండనీ."

బుల్లి నవ్వింది. పైన నవ్వే నవ్వే అది. మళ్ళీ వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఏమే బుల్లీ, పంపావా లేదా?" అని పైనుంచి పిన్ని కేకేసింది.

కింద ఇద్దరూ ఉలకలేదు, పలకలేదు.