పందుల దొర

"ఆ కర్ర ఎందుకు?" అని అడిగింది ఆమె.

"పంది వస్తోందని ఫోన్ చేశారు. గేటు దగ్గర కాపలా కాస్తున్నా."

ఆమె పడీ పడీ నవ్వింది. చమురు పైపులో పేరుకున్న మడ్డిని తోసుకుంటూ వచ్చే రబ్బరు యంత్రాన్ని హెడ్డాఫీసు వాళ్లు 'పిగ్' అంటారు, పంపింగ్ స్టేషన్లో అందరూ పంది అంటారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు కుర్రాడికి అదెలా తెలుస్తుంది పాపం! ఆ రోజు నుంచి అతను ఆమెకి పందుల దొర. ఆమె అతనికి ప్రాణం.

ప్రాణమే గానీ, ప్రమోషన్ తర్వాత. "షిఫ్ట్ ఇన్‌ఛార్జి అవనీ, మా ఇంట్లో చెప్తా" అన్నాడు. అయ్యాడు. "మేనేజర్ అవనీ" అన్నాడు. అదీ అయ్యాడు. ఆపరేషన్స్ డైరెక్టరై హెడ్డాఫీసులో ఏసీ గదిలో కూర్చున్నాడు. ఆమె అదే స్టేషన్లో పెద్ద ఇంజనీరుగా ఉండిపోయింది. సంబంధాలు రాక కాదు, మనసొప్పక.

ఇవాళ ఆ స్టేషన్ మూసేస్తున్నారు. ఉత్తర్వు మీద సంతకం ఆ మహానుభావుడిదే.

పొద్దుటి నుంచి ఒకటే ముసురు. నెరిసిన తలతో, తడిసిన కోటుతో అతను కంట్రోల్ రూమ్‌లోకి వచ్చాడు.

"దొరగారు స్వయంగా వచ్చారే! తాళం కూడా తమరే వేస్తారా?"

"ఎగతాళి చెయ్యకు. పంది ఎక్కడిదాకా వచ్చింది?"

"దారిలో ఉంది. తమరిలా కాదు, వస్తానంటే వస్తుంది."

ఆఖరి చమురుని తోసుకుంటూ పంది వచ్చి పైపు చివర ధబ్బుమని ఆగింది. ఆమె పంపులు ఆపించింది. ఇన్నేళ్ల హోరు ఒక్కసారిగా పోయేసరికి ఇద్దరికీ దుఃఖం ముంచుకొచ్చింది. ఇప్పుడు అడక్కపోతే ఇక్కడికి రావడానికి మళ్లీ వంక కూడా దొరకదని అతనికి తెలుసు.

"హెడ్డాఫీసులో నీకో పోస్టు చూశాను."

"అక్కర్లేదు."

"పోస్టు సంగతి కాదు. నన్ను... పెళ్లి చేసుకుంటావా?"

ఆమె హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఎమ్‌డీ కుర్చీ ఎవరికిచ్చారు?"

"వేరే ఆయనకి. కిందటి వారం."

"అదీ సంగతి! నీకే ఇచ్చుంటే ఇవాళ వచ్చేవాడివా?"

బయట అతని కారు డ్రైవర్ హారన్ కొట్టాడు. 'వచ్చేవాణ్ణే' అంటే పోయేది. బోర్డు ముందు ఇంతకన్నా పెద్ద అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన మనిషే. కానీ ఆమె ముందు నిజమే చెప్పాడు.

"వచ్చేవాణ్ణి కాదు. ఇంకొక్క ఏడాది ఆగమని ఫోన్ చేసేవాణ్ణి."

ఆమె కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి.

"వచ్చేవాణ్ణని అనుంటే ఈ వానలోనే గెంటేసేదాన్ని. అలాంటి తియ్యటి మాటలు నమ్మే నా వయసంతా గంగలో కలిపాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? కోపం తీరలేదు. అంత తొందరగా తీరదు కూడా. పక్కనే ఉండి తిట్లు తింటావా?"

"తింటాను."

"అయితే ఆ కారు పంపించెయ్. ఇవాళే మొదలుపెడతా."