మనిషి లేని పడవ మీది గొంతు

"ఏయ్! ఎవడ్రా నడిపేది? కళ్ళు కనబడవా?"

బెల్జియంలో లెయి నది మీద, వంతెన దగ్గర ఎదురొచ్చే పడవ ఆగకపోయేసరికి నెలె రేడియోలో అరిచింది. ఆమె నడుపుతున్నది ఒడిలోన్ అనే తన తండ్రి సరుకు పడవ. ఎదురొచ్చే దాని మీద మనిషన్నవాడే లేడు.

"కనబడతాయండీ. పన్నెండు కెమెరాలున్నాయి," అందో మగ గొంతు. "ఏటి వాలున దిగుతున్నది నేను. మీరే ఆగాలి."

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావ్?"

"ఆంట్వెర్ప్‌లో కుర్చీలోంచి. కాఫీ తాగుతూ."

రూలు అతని వైపే ఉందని తెలిసి నెలెకి ఇంకా ఒళ్ళు మండింది.

అతని పేరు లాండర్. గదిలో కూర్చుని మూడు పడవలు నడుపుతాడు. వారానికి రెండుసార్లు ఎదురుపడేవారు.

"ఏం కుర్చీ కెప్టెన్, ఇవాళైనా వాన చూశావా?"

"తెర మీద చూశా. నీ పసుపు కోటు బాగుంది."

"కెమెరా అటు తిప్పు!"

ఒడిలోన్ గొణిగేవాడు. "వాడి పడవలు మన బతుకు తినేస్తుంటే, నువ్వు వాడితో ఇకఇకలా?" అయినా రేడియో కట్టేయమనలేదు.

నవంబరులో ఒక ఉదయం, లాకుల ముందు, మంచు కలిసిన వానలో ఒడిలోన్ కాలు జారి నీళ్ళలో పడ్డాడు.

"నాన్న పడిపోయాడు! లాండర్, ఆపు!"

వెనకే వస్తున్న తన పడవను లాండర్ ఆపేశాడు. ముసలాయన దాని ఇనుప పక్కను తడుముతున్నాడు. అందించడానికి పైన ఒక్క చెయ్యి లేదు. లాండర్ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. నెలె తన పడవను తిప్పుకుని వచ్చేలోగా, లాకుల మనిషి చిన్న పడవేసుకుని వచ్చేలోగా, ఒడిలోన్ ప్రాణం పోయింది.

ఆ తర్వాత ఆమె రేడియోలో పలకలేదు.

మూడు వారాలకి, ఒడ్డున కట్టేసిన పడవ దగ్గరికి కళ్ళద్దాల మనిషి ఒకడు వచ్చాడు.

"ఎవరు కావాలండీ?"

"నేను లాండర్‌ని."

గొంతు గుర్తుపట్టి ఆమె పడవ లోపలికి వెళ్ళిపోబోయింది.

"మీ నాన్న చెయ్యి నాలుగు నిమిషాలు చూశాను నెలె. నా దగ్గర హారన్ తప్ప ఏమీ లేదు."

"నీ పడవ మీద ఒక్క మనిషుంటే బతికేవాడు."

"బతికేవాడు."

సాకు ఒక్కటీ చెప్పలేదతను.

"ఇప్పుడెందుకొచ్చావ్?"

"ఉద్యోగం మానేశాను. రెండో మనిషి లేకుండా నీ పడవను కదలనివ్వరట కదా. అదొక్కటే కాదు. నీ గొంతు వినకుండా ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను."

"నా కోపం పోలేదు."

"పోనక్కర్లేదు."

"తాడు వెయ్యడం వచ్చా?"

"రాదు."

అంత్యక్రియల్లో రాని ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది. అతను దగ్గరికొస్తే తోసేసింది. మళ్ళీ వస్తే తోయలేదు.

"ఆరింటికి బయల్దేరాలి," అంది కళ్ళు తుడుచుకుని. "సూప్ ఉంది. తిందువుగాని, రా."

లోపలికెళ్ళి బల్ల మీద రెండో గిన్నె పెట్టింది.