కల్బా ఇంట్లో దొరగారి పటం

గల్ఫ్‌లో, కల్బా అనే ఊళ్లో చేపల మార్కెట్ వెనక ఆ ఇంటికి మంచి పేరు లేదు. ఎవరు దిగినా నిలవరు. రాత్రిపూట వంటింట్లో కొళాయి దానంతటదే తిరుగుతుందనీ, కుళ్లు కంపు లేస్తుందనీ చెప్పుకునేవారు.

కరోనా తగ్గిన ఏడాది మా ఆడపడుచు ప్రేమకుమారి అందులో దిగింది. అక్కడి ఆస్పత్రిలో నర్సు. కూతురు స్వీటీని ఊరి నుంచి తెచ్చుకుంది. పిల్లని దగ్గర పెట్టుకోవాలంటే వాళ్లకి అందిన ఇల్లు అదొక్కటే. తను నాకు చెప్పిందే రాస్తున్నాను.

హాల్లో పాత అద్దెవాళ్లు వదిలేసిన పటం ఒకటి. నల్లకోటు, గుండెల దాకా గడ్డం, తెల్లదొర.

"మన తాతలకి బాప్తిస్మమిచ్చిన మిషనరీ దొరగారిలానే ఉన్నారొదినా," అంది ఫోన్లో. దండ వేసింది. కుటుంబ ప్రార్థన రోజూ ఆ పటం కిందే.

దిగిన కొన్నాళ్లకే స్వీటీకి వాంతులు. మందులకీ కట్టలేదు. పిల్ల పుల్లలా అయిపోయింది. ఇంట్లో తాగేవి క్యాను నీళ్లే... మరి పిల్లకెందుకిలా?

ఒక రాత్రి చప్పుడైతే ప్రేమకుమారి లేచింది. వంటింట్లో కొళాయి ధారగా పోతోంది — జిగటగా, వెంట్రుకల్లాంటి నాచుతో. కబేళా కంపు. గట్టు మీద స్వీటీ స్టీలు గ్లాసు... తడిగా.

పిల్లకి ఆ గట్టు అందదు.

పొద్దున్నే ఓనరు తరఫు మనిషి ఫైజా వచ్చింది. దండ చూసి నవ్వింది.

"పాదిరీ కాదు సిస్టర్, అమెరికాలో ఓ ఊరికి మేయర్. మీకు ముందు ఇక్కడున్న అమెరికా ఇంజనీరుకి ముత్తాత. గొప్పగా చెప్పేవాడు."

మాంసం కొట్టుతో మొదలుపెట్టి మేయరయ్యాడట. ఊరికి నీళ్లిచ్చే కాంట్రాక్టు బావమరిదికి కట్టబెట్టాడట. వాడు కబేళా మురుగు కలిసే చోటే గొట్టం దింపాడట. కలరాతో వీధులకి వీధులు పిల్లలు పోతుంటే... ఈయన తనకి మాత్రం కొండ ఊటనీళ్లు పీపాల్లో తెప్పించుకున్నాడట.

"మరి జనం?" అన్నాడు ప్రేమకుమారి భర్త కృపాకర్.

"మళ్లీ గెలిపించారు. పోయినప్పుడు బ్యాండుమేళం కూడా."

ప్రేమకుమారి దండ లాగి పారేసింది. ఆ మొహానికా దండ వేసింది... ఆ గడ్డం కిందా బైబిలు తెరిచింది. రాస్తుంటే నాకిప్పటికీ రోతగానే ఉంది. ప్రభువు క్షమించాలి.

పటాన్ని చెత్తడబ్బాలో పడేశారు. మేడ మీద ట్యాంకు మూత తీస్తే — ఉబ్బి, ఈకలూడి, కుళ్లిన పావురాలు.

"ఇదీ మీ దెయ్యం. ఖలాస్," అన్నాడు కృపాకర్, ముక్కు మూసుకుని.

ట్యాంకు కడిగించారు. స్వీటీకి వాంతులు కట్టాయి. అన్నం అడిగి తింది.

ఆ రాత్రి పడుకోబెడుతుంటే తల్లి చెవిలో గుసగుసగా అడిగింది —

"అమ్మా, గడ్డం తాత రాడా ఇంక?"

"ఏ తాతమ్మా?"

"రోజూ నాకు నీళ్లు పట్టిచ్చేవాడుగా... నువ్వూ తాగు తాతా అంటే, తను మాత్రం తాగేవాడు కాదు."