డ్రెయిన్ ప్లగ్గు మీది తెల్ల గీత

ప్లీడరు గారి దగ్గరికి వచ్చేవాళ్లు సాధారణంగా భయపడుతూ వస్తారు. ఆ శుక్రవారం ఉదయం వచ్చినావిడ మాత్రం మండిపడుతూ వచ్చింది. తలుపు తోసుకుని లోపలికొచ్చి, చూపించిన కుర్చీలో కూర్చోకుండా, చేతిలోని కాగితాన్ని బల్ల మీద పడేసింది. మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, ఎంత కడిగినా గోళ్ల సందుల్లోంచి వదలని నల్లటి మడ్డి. ముప్పై అయిదేళ్లుంటాయి.

"దీని మీద నేను సంతకం పెట్టాలట సార్, సాయంత్రం నాలుగింటిలోగా. చస్తే పెట్టను."

ప్లీడరు గారు నిజానికి ప్లీడరు కారు. లా చదివి, ఒక్క కేసైనా వాదించకుండా ప్రైవేటు పరిశోధనలోకి దిగిన మనిషి. ఊరు పెట్టిన పేరు మాత్రం వదల్లేదు. ఆయన దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్న టైపిస్టుకు ఆయన తెలివి మీద అపారమైన గురి. ఆ గురి ఆయన ముందు బయటపెడితే నెత్తికెక్కుతారని ఆమెకు అంతే గట్టి నమ్మకం. ఆమె కాగితం అందుకుని పైకి చదివింది. "కొత్త ట్రాక్టరులో పొరపాటున తప్పు ఆయిలు పోశాను. జరిగిన ప్రమాదానికి పూర్తి బాధ్యత నాదే."

"ప్రమాదం ఏమిటి?" అన్నారు ప్లీడరు గారు.

"మాది రైతులకి ట్రాక్టర్లు అద్దెకిచ్చే కేంద్రం. నేను అక్కడ హెడ్ మెకానిక్‌ని. నిన్న పొద్దున కొత్త ట్రాక్టరు లోడుతో ర్యాంపు దిగుతుంటే బ్రేకు పడలేదు. గోడకి గుద్దింది. డ్రైవరుకి భుజం ఎముక విరిగింది. లోపలి ఆయిలు తీసి చూస్తే గేరాయిలు కంపు. సోమవారం ఆయిలు మార్చింది నేనే. ఇంకేముంది, నేరస్థురాలు దొరికిపోయింది."

"సంతకం పెడితే?"

"హెల్పరుగా ఉంచుతారట. పెట్టకపోతే పనిలోంచి తీసేసి, ఇంకెక్కడా పని దొరక్కుండా రాసి పంపుతారట. ఆ రెండు ఆయిళ్లకీ తేడా నేను కళ్లు మూసుకుని చెప్తాను సార్. తప్పు చేసుంటే డ్రైవరు కాళ్లు పట్టుకునేదాన్ని. చెయ్యని తప్పుకి మాత్రం తల దించను."

ప్లీడరు గారు టోపీ అందుకున్నారు. టైపిస్టు అప్పటికే నోటుబుక్కు సంచిలో వేసుకుంది.

కేంద్రం ఊరి చివర ఉంది. ఒక పెద్ద రేకుల షెడ్డు, దాని పక్కన ఆయిలు డ్రమ్ములున్న గది, ఎదురుగా మేనేజరు ఆఫీసు. షెడ్డులో రెండు పాత ట్రాక్టర్ల మధ్య ముక్కు చితికిన కొత్త ట్రాక్టరు నిలబడి ఉంది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన కారుతున్న నీళ్ల కుళాయి విప్పి, దాని మర చుట్ల మీద జనపనార పోగు ఓపిగ్గా చుడుతున్నాడు.

"మా నాన్న," అంది మెకానిక్. "నాకు ముందు ఇక్కడ హెడ్ మేస్త్రీ. రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో తోచదు, రోజూ వచ్చేస్తాడు."

మేస్త్రీ లేచి చేతులు తుడుచుకున్నాడు. "మీరైనా చెప్పండి బాబూ దీనికి. చిన్న పొరపాటని ఒక్క సంతకం పడేస్తే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం? హెల్పరు పనీ పనే కదా. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

"నేను మర్చిపోను," అంది కూతురు.

ప్లీడరు గారు ట్రాక్టరు కిందికి దూరారు. తెల్ల చొక్కా గతి ఏమవుతుందోనని టైపిస్టు నిట్టూర్చింది. కాసేపటికి కింద నుంచే ఆయన గొంతు వినిపించింది. "ఆయిలు దించే ఈ డ్రెయిన్ ప్లగ్గు మీద తెల్ల రంగుతో చిన్న గీత ఉందేమిటి?"

"నేనే పెడతాను సార్. ప్లగ్గు బిగించాక ప్లగ్గు మీంచి ఇనుము మీదికి ఒకటే గీత లాగుతాను. ప్లగ్గు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది."

"రెండు ముక్కలైంది. వేలెడంత ఎడం. నిన్న ప్రమాదం తర్వాత ప్లగ్గు ఎవరైనా విప్పారా?"

"లేదు. ఆయిలు పైనుంచి గొట్టంతో రెండు చుక్కలు లాగి చూశారు. నిన్నట్నుంచి నన్ను దాని దగ్గరికే రానివ్వలేదు."

ఆయన అడిగి ఒక బకెట్టు తెప్పించుకుని, ప్లగ్గు విప్పించారు. దాని మర చుట్ల సందుల్లో ఇరుక్కున్నదేదో చిమటాతో తీసి కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని, బకెట్టులో కొంత ఆయిలు పడగానే ప్లగ్గు మళ్లీ బిగింపించారు. ప్లగ్గు విప్పకముందే ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూసి, మట్టం సరిగ్గా గీత దగ్గరుందని టైపిస్టు చేత రాయించారు. ఒక వెంట్రుక ఎక్కువా లేదు, తక్కువా లేదు.

డ్రైవరు ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మెడకు వేలాడుతోంది. రోడ్డు మీద కోడి అడ్డొచ్చినా అరగంట హారన్ కొడతాడని అతన్ని అందరూ హారన్ అనే పిలుస్తారు.

"సోమవారం ఆయిలు మార్చాక బండి ఎలా నడిచింది?" అని అడిగారు ప్లీడరు గారు.

"వెన్నలా నడిచింది సార్. మంగళవారం, బుధవారం మధ్యాహ్నం దాకా ఏ పేచీ లేదు. తర్వాత ట్రైలరు చక్రం పంచరైందని బండి షెడ్డులో పెట్టి ఇంటికెళ్లాను."

"నిన్న పొద్దున?"

"స్టార్టు చెయ్యగానే పంపు ఏడుపు మొదలెట్టింది. వెనక నాగలి ఎత్తే లిఫ్టు లేవనని మొరాయించింది. బ్రేకు తొక్కితే కీచుమంటూ అరిచింది. చలికేమోలే అనుకున్నాను. ర్యాంపు మీద అరవడం కూడా మానేసి జారిపోయింది." అతను మెకానిక్ వైపు చూడకుండా గొంతు పెంచాడు. "ఎవరి చేత్తో జరిగిందో గానీ, నా భుజం మాత్రం పోయింది!"

బుధవారం మధ్యాహ్నం తను సామాను కొనడానికి పట్నం వెళ్లానని మెకానిక్ చెప్పింది. మేనేజరు తను ఆఫీసులోనే ఉన్నానన్నాడు. షెడ్డుకు తాళం వెయ్యరు, ఎవరైనా రావచ్చు, పోవచ్చు. డ్రమ్ముల గదిలో రెండే రకాల ఆయిలుంది. పసుప్పచ్చ డ్రమ్ములో కొత్త ట్రాక్టరుది, నల్ల డ్రమ్ములో పాత ట్రాక్టర్లకు పోసే చిక్కటి గేరాయిలు.

ప్లీడరు గారు పసుప్పచ్చ డ్రమ్ములోంచి గ్లాసులో కొంచెం పట్టి మేస్త్రీ ముందుకు తెచ్చారు. "మీ అనుభవం పెద్దది. ఈ సరుకు ఎలా ఉందంటారు?"

మేస్త్రీ రెండు వేళ్ల మధ్య చుక్క వేసుకుని రుద్దాడు. పెదాలతో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. మూడు పూర్తి కాకముందే ఆయిలు మణికట్టు దాకా జారిపోయింది. "నీళ్లు," అన్నాడు మొహం చిట్లించి. "ఇది పోస్తే గేర్లు బతుకుతాయా బాబూ?"

ప్లీడరు గారు ఇంకేమీ అడగలేదు. మెకానిక్‌ని పక్కకు పిలిచి, ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడారు. "నిజం దొరికింది. బయటపెడితే నీ ఉద్యోగం నిలుస్తుంది. కానీ అది నీకే గుచ్చుకుంటుంది. చెప్పమంటావా?"

ఆమె కుళాయి వైపు ఒకసారి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పండి సార్. అందరి ముందూ చెప్పండి."

నాలుగు గంటలకు మేనేజరు గదిలో అందరూ కూర్చున్నారు. బల్ల మీద మూడు గ్లాసులు ఉన్నాయి. ఒకదానిలో తేనెరంగు ఆయిలు, రెండోదానిలో నల్లటి గేరాయిలు, మూడోదానిలో ట్రాక్టరు నుంచి తీసినది.

"మూడో గ్లాసు చూడండి," అన్నారు ప్లీడరు గారు. "మొదటి రెండూ కలిస్తే వచ్చే రంగు. అంటే ఎవరూ డ్రమ్ము పొరబడలేదు. సరైన ఆయిలు ముందే ఉన్నచోట, సగం తీసి, గేరాయిలు కలిపారు."

"రెండూ ఆయిళ్లే కదండీ, అంత తేడా ఏముంటుంది?" అన్నాడు మేనేజరు. సంతకానికి కాగితం తయారు చేసిన మనిషికి ఆ తేడా తెలియదు. ఆ మాట వినగానే టైపిస్టు పెన్సిలు మొన విరిగింది.

"పాత ట్రాక్టర్లలో గేర్ల ఆయిలు వేరు, లిఫ్టు ఆయిలు వేరు, బ్రేకులు బయట పొడిగా ఉంటాయి. అక్కడ గేరాయిలే సరి. కొత్తదాంట్లో గేర్లకీ, లిఫ్టు ఎత్తే పంపుకీ, బ్రేకులకీ కలిపి ఒకటే ఆయిలు. బ్రేకు పళ్లేలు అందులో మునిగే ఉంటాయి. మునిగినా పట్టు జారకుండా ఉండే మందు ఆ ఆయిల్లోనే కలిపి వస్తుంది. గేరాయిల్లో అది ఉండదు. పైగా చలిలో చిక్కటి ఆయిలు పంపు పీల్చుకోలేదు. అందుకే పంపు ఏడ్చింది, లిఫ్టు మొరాయించింది, బ్రేకు అరిచి అరిచి జారింది. సోమవారమే పోసుంటే మంగళవారమే అరిచేది. బుధవారం మధ్యాహ్నం దాకా వెన్నలా నడిచిందని డ్రైవరే చెప్పాడు. ఆ తర్వాత ప్లగ్గు ఎవరో విప్పారని ఈమె గీసిన గీత చెప్పింది."

"కావాలని చేసిన పనా?" హారన్ కుర్చీలోంచి సగం లేచాడు.

"కాదు. పగతో చేసేవాడు తోచినంత పోసి పారిపోతాడు. ఇక్కడ మట్టం పుల్ల గీతకు సరిగ్గా ఉంది. ట్రాక్టరంటే ప్రాణం పెట్టే మనిషి చేసిన పని ఇది." ఆయన జేబులోంచి కాగితం మడత విప్పారు. అందులో ఆయిలులో తడిసిన జనపనార పోగు ఉంది. "ప్లగ్గు కారకుండా దాని మర మీద చుట్టారు. మెకానిక్ రాగి వాషరు వేస్తుంది, నార వాడదు. ఈ ఆవరణలో నార చుట్టేవారు ఒక్కరే ఉన్నారు. ఆ పల్చటి ఆయిల్ని నీళ్లన్నదీ, సంతకం పెట్టెయ్యమని పొద్దుట్నుంచీ బతిమాలుతున్నదీ ఆయనే."

మేస్త్రీ ఆ నార పోగు అందుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"ముప్పై ఏళ్లు గేరాయిలే పోశాను," అన్నాడు. "ఒక్క గేరు విరగలేదు. మా పిల్ల పోసిన నీళ్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. దాని పేరు చెడకూడదనే సగం తీసి చిక్కబరిచాను. బ్రేకులు కూడా అందులోనే మునుగుతాయని నాకు తెలీదు. నిన్న తెలిసింది. చెబుదామనే అనుకున్నాను. నేను నేర్పిన పిల్ల ముందు నాకు తెలీదని ఎలా చెప్పను?"

"నా ఒక్కదాని ముందు ఒప్పుకోడానికి సిగ్గుపడి, నన్ను అందరి ముందూ దోషిని చేశావు నాన్నా," అంది కూతురు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, సరే. ఇది మీ ఇంటి గొడవ. ఆ కాగితం చించేద్దాం. పెద్దాయన పేరు బయటికెందుకు? ఎవరి పనుల్లో వాళ్లం పడదాం."

"చించడానికి వీల్లేదు," అంది ఆమె. మేనేజరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నిన్నట్నుంచి ఊరంతా నా పేరే అనుకుంటోంది. దాని వెనకే రాయండి. ఏ ఆయిలుండాలో, ఏది కలిసిందో, ఎవరు కలిపారో, అడక్కుండా నా మీద ఎవరు నేరం మోపారో. మీరు సంతకం పెట్టండి. షెడ్డు గోడకి అంటిస్తాను. పెట్టనంటారా, రేపట్నుంచి మీ ట్రాక్టర్లు మీరే విప్పుకోండి."

మేనేజరు ప్లీడరు గారి వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. టైపిస్టు మాత్రం కొత్త పెన్సిలు తీసి మేనేజరు చేతిలో పెట్టి, మళ్లీ లాక్కుని, పెన్ను ఇచ్చింది. అతను రాశాడు. సంతకం పెట్టాడు.

హారన్ లేచి మెకానిక్ ఎదురుగా నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, అతని జీవితంలోనే మొదటిసారి నెమ్మదిగా. తర్వాత మేస్త్రీ వైపు తిరిగాడు. "మీతో నేను మాట్లాడను. భుజం అతుక్కున్నాక చూద్దాం."

అందరూ షెడ్డు వైపు నడిచారు. మెకానిక్ చొక్కా చేతులు ఇంకో మడత పైకి మడిచి, ట్రాక్టరు కింద పెద్ద తొట్టి పెట్టింది. పాడైన ఆయిలంతా దించాలి, లోపల కడగాలి, కొత్తది పొయ్యాలి. మేస్త్రీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆయనే నాలుగు అడుగులు వేసి, ఆమె పక్కన నిలబడి, నేల చూస్తూ అడిగాడు.

"ఇంతకీ దీంట్లో ఏ ఆయిలు పొయ్యాలమ్మా?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఎవరినీ అడగని ప్రశ్న అది. ఆమె పనిముట్ల పెట్టెలోంచి ట్రాక్టరుతో వచ్చిన పుస్తకం తీసి, మరకలు పడిన పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టింది.

"చదువు నాన్నా. అర్థం కాకపోతే అడుగు, చెప్తాను."