చిలగడదుంప అక్క చేతిలో దీపం

"శనివారం నువ్వు ఊ రేగ్యోం కచేరీకి వెళ్ళాలి," అన్నాడు చీఫ్ ఫ్యో.

ఏజెంట్ ఓక్ సెహ్వా ముఖంలో ఏమీ కనబడకుండా జాగ్రత్తపడింది. ఆ టికెట్టు అప్పటికే ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఏడాదిన్నర తప్పనిసరి సైనిక సేవకు వెళ్ళబోయే ముందు పాప్ గాయకుడు రేగ్యోం సియోల్‌లో పాడుతున్న ఆఖరి కచేరీ అది. అసలు ఆమె ఆ గదిలోకి వచ్చిందే సెలవు అడగడానికి.

"మన జలాంతర్గాముల సోనార్ ప్లాన్లు పోయాయి. అన్నీ గోరంత మెమరీ కార్డులో ఉన్నాయి. అభిమానుల గుంపులో చేతులు మారుతుంది. తీసుకునేవాడి కోడ్ పేరు కొంగ. మొహం తెలీదు. ఇచ్చేదెవరో అసలే తెలీదు. హాలు దాటాడంటే తిన్నగా విమానం ఎక్కేస్తాడు."

"నేనే ఎందుకు సర్?"

"నీ పిచ్చి ఆఫీసులో అందరికీ తెలుసులే. ఆ గుంపులో అసలెవరో నకిలీ ఎవరో నీకు తప్ప ఎవరికీ అంతుపట్టదు."

టెక్నికల్ విభాగం వాళ్ళు కచేరీలో అభిమానులు ఊపే దీపపు కర్ర, ఆమె లైట్‌స్టిక్‌ను విప్పి, పిడిలో చిన్న మీట బిగించారు. అది నొక్కితే బయట కాపలా ఉన్నవాళ్ళు తలుపులు మూసేస్తారు. ఆ హడావిడిలో అసలు దీపాన్ని చెడగొట్టారు. వేదికను బట్టి రంగులు మారాల్సింది, తెల్లగా బిక్కమొహం వేసుకుని వెలగసాగింది. సెహ్వాకు ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం మధ్యాహ్నం హాలు ముందు చిలగడదుంప అక్క కనిపించింది. అది ఆమె అసలు పేరు కాదు. అభిమానుల మధ్య పేరూ ఉద్యోగమూ అడగడం మర్యాద కాదు. ఆరేళ్ళుగా ఇద్దరూ క్యూల్లో ఒకే దుప్పటి కప్పుకున్నారు, ఒకే డబ్బాలో కింబాప్ తిన్నారు. ఆవిడ చిలగడదుంప, సెహ్వా మొక్కజొన్న. ఈ ఉద్యోగంలో చేరాక సెహ్వాకు మిగిలిన స్నేహం అదొక్కటే.

ఎర్రటి లిప్‌స్టిక్, పొడవాటి కోటుతో సినిమా తారలా ఉండే అక్క, తాను చేతులారా కట్టిన పొట్లాలు పంచుతోంది. లోపల రేగ్యోం ఫోటో కార్డు, ఓ మిఠాయి ముక్క. ఆ పంపకానికో పద్ధతి ఉంది. అభిమాని అన్న రుజువు ఫోనులో చూపించాలి. బదులుగా కనీసం ఓ చాక్లెట్టయినా చేతిలో పెట్టాలి.

"రుజువేది చెల్లీ?" అక్క ఓ స్కూలు పిల్లను నిలదీసింది.

"ఫోను ఆగిపోయిందక్కా."

"అయితే ఛార్జింగ్ పెట్టుకుని రా. నా దగ్గర మొహమాటాల్లేవు."

ఆ పిల్ల వెనకే బూడిదరంగు టోపీ పెట్టుకున్న మనిషి వచ్చాడు. ఫోను తీయలేదు. బదులేమీ ఇవ్వలేదు. అక్క మారుమాట లేకుండా సంచి అడుగు నుంచి ఓ పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది.

సెహ్వా అది చూసింది. వెంటనే చీఫ్‌కి మెసేజ్ పెట్టాలి. పెట్టలేదు. జాలిపడి ఇచ్చిందేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

హాల్లో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. టోపీ మనిషి రెండు వరసల ముందున్నాడు. రేగ్యోం గొంతెత్తగానే హాలంతా నీలంగా వెలిగింది, సెహ్వా దీపం తప్ప.

"అదేంటే, నీది అలా ఏడుస్తోంది?" అంది అక్క. "ఇలా ఇయ్యి. నాది పట్టుకో. ఇవాళ నువ్వు బాగా ఊపాలి."

వద్దంటున్నా వినకుండా దీపాలు మార్చేసింది. మీట ఇప్పుడు అక్క చేతిలో ఉంది.

ఆఖరి పాట. అభిమానులందరూ వీడ్కోలు రాసిన కాగితపు బ్యానర్లు తలలపైకెత్తారు. అది చూసి రేగ్యోం పాడలేక ఆగిపోయాడు. అలాంటప్పుడు కూర్చున్నచోటి నుంచి ఏ అభిమానీ కదలడు. బూడిదరంగు టోపీ లేచి తలుపు వైపు నడిచింది.

ఇక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. సెహ్వా పక్కకు తిరిగి చూసింది. అక్క వేదికకేసి చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు నటన కాదు. అదే సెహ్వాకు భరించరాని బాధైంది.

టోపీ మనిషి తలుపు మీద చెయ్యి వేశాడు. సెహ్వా అక్క పిడికిలిని గట్టిగా పట్టుకుని, బొటనవేలితో మీట నొక్కింది.

తలుపు మూసుకుపోయింది. ఇద్దరు గార్డులు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆ హోరులో ఎవరూ గమనించలేదు, అక్క తప్ప. ఆమె తలుపు వంక చూసి, తన పిడికిలి మీదున్న చెయ్యి వంక చూసింది.

"నువ్వా?" అంది మెల్లగా. "బ్యాంకులో పనేమో అనుకున్నాను."

"నేను నిన్ను పళ్ళ డాక్టరనుకున్నా."

"ఇంజినీర్ని. ఆ సోనార్ నాదే. మా పై అధికారి దానికి తన పేరు వేసుకున్నాడు. అందరికీ నష్టం కలగాలనిపించింది." కళ్ళు తుడుచుకుంది. "నాతో స్నేహం దీనికోసమేనా?"

"కాదక్కా. ఒట్టు."

"పాట అయ్యేదాకా ఆగుతావా?"

జేబులో ఫోను మోగుతూనే ఉంది, చీఫ్ నుంచి. సెహ్వా తీయలేదు. ఇద్దరూ చెయ్యి వదలకుండా చివరిదాకా పాడారు. గొంతులు మాత్రం కలవలేదు.

బయట వ్యాను దగ్గర చీఫ్ అక్క గుర్తింపు కార్డు చూసి చదివాడు. "మ్యోంగ్ యూహీ."

ఆరేళ్ళకు సెహ్వా ఆ పేరు వినడం అదే మొదటిసారి.

"మరి నీ పేరేంటే?" అంది యూహీ.

చెప్పకూడదని చీఫ్ తల అడ్డంగా ఊపాడు.

"మొక్కజొన్నే అక్కా."

యూహీ నవ్వబోయింది, చేతకాలేదు. "ఏడాదిన్నరలో రేగ్యోం వచ్చేస్తాడు. మంచి సీట్లు చూసి పట్టు."

అది ఏడాదిన్నరతో పోయే నేరం కాదని ఇద్దరికీ తెలుసు. "అలాగే అక్కా," అంది సెహ్వా.

వ్యాను కదిలిపోయింది. "శభాష్," అన్నాడు చీఫ్. "ఇక మీదట రేగ్యోం కచేరీలన్నీ నీ డ్యూటీయే."

"వద్దు సర్," అంది సెహ్వా. "నేను రెండు టికెట్లు కొనుక్కుని వెళ్తాను."