పదకొండో నిమిషంలో ఆగే బండి

బండి ఈసారీ పదకొండో నిమిషంలోనే ఆగిపోయింది.

తండ్రి దాన్ని వీధి చివర్నుంచి తోసుకుంటూ రావడం అందరూ చిన్నమేస్త్రి అని పిలిచే కూతురు తమ మెకానిక్ షాపు గుమ్మంలో నిలబడి చూసింది. ఉదయం ఎనిమిది కూడా కాలేదు. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎడమ మోచేతికి వారం కిందట వేసిన కట్టు అంచులు నల్లబడ్డాయి. ఏ బండినైనా ఒక్క తన్నుకి లేపుతాడని ఆయనకి ఒక్కకిక్కు మేస్త్రి అని పేరు. అలాంటి మనిషి సొంత బండిని తోసుకుంటూ వస్తుంటే వీధి వీధంతా పని మానుకుని చూస్తోంది.

ఎదురు షాపు గ్రీజుబాబు షట్టరు పైకెత్తుతూ నవ్వాడు. "ఏం మేస్త్రీ, పొద్దున్నే వ్యాయామమా?"

మేస్త్రి బండిని లోపలికి తెచ్చి స్టాండు వేశాడు.

"ఎక్కడాగింది నాన్నా?" అంది చిన్నమేస్త్రి.

"రోడ్డు మలుపులో ఒకసారి. ట్యాంకులో పెట్రోలుందా లేదా అని చూసుకుని కిక్కు కొట్టాను, లేచింది. మళ్ళీ వీధి చివర ఆగింది. ఇక కిక్కు కొట్టబుద్ధి కాలేదు."

"పదకొండు నిమిషాలేనా?"

"వాచీ చూసుకున్నా. పదకొండే." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "అమ్మాయ్, కార్బొరేటర్ విప్పింది నువ్వు, కడిగింది నువ్వు, కట్టింది నువ్వు. వంతెన మీద నన్ను పడేసినప్పుడు పోన్లే, మొదటిసారి అనుకున్నా. తర్వాత నాలుగుసార్లు విప్పావు. ఏం తేల్చావు?"

నాలుగుసార్లూ ఏమీ తేలలేదు. అదే ఆమెను తినేస్తోంది.

ఇంటి ముందు గదే షాపు. వెనక వరండాలో తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని బండ్లకి సీటు కవర్లు కుడుతుంది. అక్కడికి ప్రతి మాటా వినిపిస్తుంది. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

తండ్రీ కూతుళ్ళ మధ్య ఒప్పందం నెల కిందటిది. ఆయన పాతికేళ్ళ పాత బండికి ఆమె ఒక్కతే కార్బొరేటర్ మొత్తం విప్పి కొత్తగా కట్టాలి. దాన్ని ఆయన కొండదారిలో, పద్నాలుగు మలుపులూ ఎక్కించి దింపి చూడాలి. ఆ షాపులో ఏ బండికైనా అదే చివరి పరీక్ష. అది నెగ్గితే షాపు ఆమెది. ఈ వీధిలో ఇప్పటిదాకా ఏ ఆడపిల్లా పానా పట్టలేదు. ఆమెకు పదేళ్ళుగా ఉన్న కోరిక అదొక్కటే.

కానీ కట్టిన మూడో రోజునే, కొండదాకా వెళ్ళకముందే, వంతెన మీద తండ్రి పడ్డాడు. "పికప్‌లో ఉండగా ఉన్నట్టుండి ఆగిపోయింది, చక్రం జారింది," అన్నాడు. అప్పట్నుంచీ బండి ఆయన ఎక్కినా, ఆమె ఎక్కినా పదకొండో నిమిషంలో ఆగుతూనే ఉంది.

"సాయంత్రం ఐదింటికి గ్రీజుబాబు వస్తాడు," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "షాపు తను చూసుకుంటానంటున్నాడు. తాళాలిచ్చేస్తా. నువ్వు కావాలంటే అతని దగ్గర పని చేసుకో."

"అతని దగ్గరా? పంక్చర్లు వేయడానికా?"

"బండి ఆగకుండా కట్టడం వచ్చేదాకా పంక్చర్లే వేసుకోవాలి."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఐదింటికి ఇంకా తొమ్మిది గంటల టైముంది. చిన్నమేస్త్రి ట్యాంకు ఊడదీసి మూలన పెట్టింది. పైన కొక్కేనికి పెట్రోలు సీసా తగిలించి, దాని గొట్టాన్ని కార్బొరేటర్‌కి కలిపింది. షాపులో ట్యూనింగ్ ఎప్పుడూ అలాగే చేస్తారు. ట్యాంకు అడ్డం లేకపోతే చెయ్యి సులువుగా ఆడుతుంది.

మొదట స్పార్క్ ప్లగ్గు తీసింది. దాని కొన సుద్దలా తెల్లగా ఉంది. అంటే ఇంజనుకి పెట్రోలు చాలడం లేదు. అది వారం నుంచీ తెలుసు. ఎందుకు చాలడం లేదో తెలియదు.

కార్బొరేటర్ విప్పి తెల్లగుడ్డ మీద పరిచింది. పెట్రోలుని సన్నగా వదిలే స్లో జెట్టుని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. వెంట్రుకంత రంధ్రంలోంచి వెలుగు చక్కగా కనిపించింది. పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే ఫ్లోటు ఎత్తు స్కేలుతో కొలిచింది. ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. అన్నీ మళ్ళీ బిగించి బండి లేపి, కార్బొరేటర్‌ని ఇంజనుకి కలిపే రబ్బరు పగిలి గాలి పీలుస్తోందేమోనని దాని చుట్టూ కిరసనాయిలు చిమ్మి చూసింది. ఇంజను చప్పుడు మారలేదు, అంటే రబ్బరు బాగానే ఉంది. గాలి పాళ్ళు సర్దే ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కణ్ణుంచి పావు చుట్టు చొప్పున సర్దింది. చప్పుడు మెల్లగా పైకెళ్ళి, ఒక చోట నిండుగా కుదురుకుంది.

పదకొండు నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. నలభై నిమిషాలు బండి తడబడకుండా తిరిగింది.

"వినపడుతోందా నాన్నా?" అంది గర్వంగా.

"షాపులో అన్నీ బాగానే తిరుగుతాయి," అన్నాడాయన తల తిప్పకుండా. "రోడ్డు మీద ఎందుకాగుతోందో చెప్పు."

తల్లి భోజనానికి పిలవడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పరిచి ఉన్న జెట్లనీ, కూతురి గోళ్ళలోని మసినీ చూసింది.

"కాస్త తినవే."

"ఆకలి లేదమ్మా."

"వారం రోజుల్నుంచీ ఇదే మాట. ఆ బండి పోతే పోయింది, ఇంకో బండి లేదా?"

"బండి కాదమ్మా పోయేది."

తల్లి ఏదో అనబోయి భర్త వైపు చూసింది. ఆయన చూపు దించుకున్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ తన పని చెడిందని బాధపడుతున్నారని అనుకుంది చిన్నమేస్త్రి. ఆ ఆలోచన ఆమెకు మరీ బరువైంది.

మూడున్నరకి ట్యాంకు బిగించింది. "కొండదారి నేనే చూసొస్తా," అని చెప్పి, బంకులో ట్యాంకు అంచుదాకా నింపించి రోడ్డెక్కింది. మనసులో నిమిషాలు లెక్కపెట్టుకుంటోంది.

రెండో నిమిషంలో బండి దగ్గింది. మూడో నిమిషంలో ఆగింది.

వెనకనుంచి వచ్చిన లారీ హారను కొట్టుకుంటూ రాసుకున్నంత దగ్గరగా వెళ్ళిపోయింది. బండిని పక్కకి లాగి మట్టిలో నిలబెట్టింది. పదకొండు నుంచి మూడుకి వచ్చింది. బాగుచేసేకొద్దీ చెడుతోంది. ఏడుపొచ్చింది. చేతులకి గ్రీజు ఉండటంతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా వట్టిదేనా అనిపించింది.

కాసేపటికి మెకానిక్ బుర్ర దానంతటదే పని మొదలుపెట్టింది. పొద్దుటికీ ఇప్పటికీ మారిందేమిటి? కార్బొరేటర్ మారలేదు. ట్యాంకు నిండింది, అంతే. నిండా పెట్రోలుంటే తొందరగా ఆగడమేమిటి?

ట్యాంకు మూత తిప్పింది.

ఇస్స్‌మని చప్పుడొచ్చింది. చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషిలా ట్యాంకు గాలి పీల్చుకుంది.

ఆమె అలాగే నిలబడిపోయింది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి వెళ్ళాలి. దానికోసం మూతకి సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు దిగడం ఆగుతుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, అందుకే ఇంకా తొందరగా ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ పెట్రోలుందా లేదా అని మూత తెరిచేవాళ్ళు. తెరవగానే గాలి వెళ్ళేది, బండి లేచేది. ఇక షాపులో పరీక్షించేటప్పుడు ట్యాంకే ఉండేది కాదు. విప్పి కట్టిన దాన్నే అనుమానించి, విప్పని దాని వంక తండ్రీ కూతుళ్ళిద్దరూ కన్నెత్తి చూడలేదు.

మూతని బిగించకుండా వదులుగా పెట్టి, పెట్రోలు చిందకుండా గుడ్డ చుట్టి బయల్దేరింది. ఇరవై ఐదు నిమిషాలు రోడ్డు మీద తిప్పినా ఎక్కడా ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర.

"దొరికింది నాన్నా." మూతని బల్ల మీద పెట్టి, సన్నని తీగతో రంధ్రాన్ని కెలికింది. పసుపుపచ్చటి ముద్ద పురుగులా బయటికొచ్చింది. వాసన చూసింది. "బట్టల సబ్బు. మట్టి కాదు, తుప్పు కాదు. ఎవరో కావాలని కూరారు."

మేస్త్రి మొహం ఎర్రబడింది. "ఎవరో ఏమిటి? ఆ గ్రీజుబాబే. షాపు మీద కన్నేశాడుగా. రోజూ వచ్చి టీ తాగుతూ బండి చుట్టూ తిరుగుతున్నప్పుడే అనుకున్నా." పెద్ద పానా చేతిలోకి తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

మిషను ఆగింది. తల్లి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అతని జోలికి వెళ్ళకండి. పెట్టింది నేను."

మేస్త్రి అడుగు మధ్యలో ఆగాడు.

"నువ్వా?" అన్నాడు మేస్త్రి. "పానాకీ కటింగ్ ప్లేయరుకీ తేడా తెలియదు నీకు."

"ముప్పై ఏళ్ళుగా మీ మాటలు వింటూనే ఉన్నాను. కారే ట్యాంకుకి సబ్బు రాయడం చూశాను. మూత రంధ్రం మూసుకుపోతే బండి ఆగుతుందని మీరే ఎవరికో చెప్తుంటే విన్నాను. సీటు కుట్టే సూదితో కూరాను. కొండ దాకా వెళ్ళకుండా ఆగిపోతుంది కదా అనుకున్నాను."

చిన్నమేస్త్రి తీగని బల్ల మీద పడేసింది. "అమ్మా, వారం రోజుల్నుంచీ నేను తిండీ నిద్రా లేకుండా చస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? షాపు పోతుందని తెలిసి కూడానా?"

"నిన్ను ఆపాలని కాదే, ఆయన్ని ఆపాలని."

"లారీ ముందు ఆగితే? ఇవాళ నాకు అదే జరిగింది, తెలుసా?"

తల్లి గోడ పట్టుకుంది. "నువ్వు ఆ లారీల రోడ్డెక్కుతావనుకోలేదే. బండి ఆగితే పక్కకి తోసుకుంటారు అనుకున్నా. మనిషే అలా..." అని చటుక్కున నోరు మూసుకుంది.

"మనిషే ఏంటి?"

"నన్నడక్కు. నీ మీద ఒట్టు వేయించుకున్నారు."

మేస్త్రి పానాని బల్ల మీద పెట్టాడు. దాన్ని అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయాడు.

చిన్నమేస్త్రి తల్లి దగ్గరికి వెళ్ళింది. ఈసారి గొంతు మెత్తబడింది. "ఎప్పుడు పెట్టావమ్మా ఈ సబ్బు?"

"ఆయన వంతెన మీద పడి వచ్చిన సాయంత్రం. నువ్వు కట్టు కట్టడానికి దూది కోసం వెళ్ళినప్పుడు."

"పడి వచ్చాకనా?"

"ఆ. పడ్డాకే."

ఆమె మెల్లగా తండ్రి వైపు తిరిగింది. "అయితే వంతెన మీదికి వెళ్ళినప్పుడు మూత బాగానే ఉంది. కార్బొరేటరూ బాగానే ఉంది, ఇప్పుడు నడిపి వచ్చాను కాబట్టి తెలుసు. మరి ఆ రోజు బండి ఎందుకాగింది నాన్నా?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. "ఇసక ఉందేమో అక్కడ..."

"ఆగిపోయిందన్నావు. పికప్‌లో ఉండగా ఆగిందన్నావు. ఆ మాట పట్టుకునే నేను నాలుగుసార్లు విప్పాను."

తల్లి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. గ్రీజుబాబు తల లోపలికి పెట్టాడు.

"పది నిమిషాలు ముందే వచ్చా మేస్త్రీ. తాళాలు సిద్ధమేనా?" బల్ల మీది మూతనీ, సబ్బునీ చూశాడు. ముగ్గురి మొహాలూ చూశాడు. "ఏం, చివరికి తేలిందా? కార్బొరేటర్ పిల్ల చేతిలో చెడిందనేగా వీధంతా అంటోంది."

చిన్నమేస్త్రి తండ్రి వైపు చూసింది. తన పని బాగుందని తను చెప్తే ఎవరు నమ్ముతారు? తండ్రి చెప్పాలి. ఆయన చెప్పాలంటే ఏం చెప్పాల్సి వస్తుందో ఆమెకు అప్పటికే సగం అర్థమైంది. భయమేసింది. చెప్పొద్దనే అనాలనిపించింది. షాపు పోతే పోయిందిలే, ఆ మాట మాత్రం వినొద్దనిపించింది.

మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వారం రోజుల్లో మొదటిసారి కూతురి కళ్ళల్లోకి సూటిగా చూశాడు.

"తాళాలు అమ్మాయివి బాబూ," అన్నాడు. "దాని పనికి వంక లేదు."

"మరి మిమ్మల్ని పడేసింది..."

"ఏదీ పడెయ్యలేదు." ఆయన కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి. "అంతకుముందు ఇంట్లోనే రెండుసార్లు అయింది. ఉన్నట్టుండి కళ్ళకి చీకట్లు కమ్మి పడిపోయాను. నీకు తెలిస్తే బండి ఎక్కనివ్వవు, పానా పట్టనివ్వవు అని మీ అమ్మ నోరు కట్టేశాను. ఆ తర్వాత బండి నిజంగానే ఆగుతుంటే ఎంత సంతోషమేసిందో తెలుసా అమ్మాయ్? ఆ రోజు కూడా బండే ఆగిందేమో, నాకేం కాలేదేమో అనుకున్నా. నువ్వు ఏడుస్తున్నా పట్టించుకోకుండా అదే నమ్మాను."

చిన్నమేస్త్రి వెళ్ళి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది. గ్రీజు చేతులతోనే ఆయన చేతులు పట్టుకుంది. వణుకు ఆపడానికి గట్టిగా పట్టుకుంది. అది ఆగలేదు. ఏ స్క్రూ ఎటు తిప్పాలో ఆమెకు తెలియదు.

"చెప్పు నాన్నా," అంది. "ఆ రోజు ఏమైంది?"

"బండి నడుస్తూనే ఉందమ్మా," అన్నాడు మేస్త్రి, గుమ్మంలో ఉన్నవాడికి కూడా వినపడేలా. "వంతెన మీద తెలివి తప్పింది నాకు. తప్పు నాది."