జేబులో ఆకురాయి పొడి

ఉదయం 9.40. లేబొరేటరీ అల్మరా తెరిచి ఉంది. లోపల సీసా లేదు.

బొటనవేలంత సీసా. అందులో నల్లటి పొడి. విడిగా కంటికి ఆననంత సన్నటి అయస్కాంత రేణువులు. మందుతో కలిపి రోగి రక్తంలోకి ఎక్కించి, పైనుంచి అయస్కాంతంతో జబ్బున్న చోటికి లాగాలని రెండేళ్ల ప్రయత్నం. మధ్యాహ్నం మూడింటికి బయటి నిపుణులొచ్చి ఆ పొడిని మళ్లీ కొలవాలి.

ఇన్‌స్పెక్టర్ సిబ్బందిని వరసగా నిలబెట్టాడు. అయస్కాంతం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ నడిచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గరిటె తాత జేబు తడుముకున్నాడు.

తాత అక్కడి అటెండర్. పొడి దగ్గరికి ఇనుప స్పూను రానివ్వడు, ప్లాస్టిక్ గరిటెలే అందిస్తాడు. అందుకే ఆ పేరు.

"జేబులో ఏంటది?"

"ఆకురాయి పొడి బాబూ. డ్రాయరు తాళంచెవి పట్టకపోతే పొద్దున కాస్త అరగదీశాను. స్టీలు పొడి ఈ గదిలో రాలకూడదని జేబులో వేసుకున్నా."

"తాళంచెవులు అరగదీస్తావా? డ్రాయరుదా, అల్మరాదా?"

"అది కాదు బాబూ, ఆ పొడి..."

"నోర్ముయ్!"

పొడిని ప్యాకెట్ చేసి, పోయిన పొడి తయారుచేసిన రీసెర్చర్‌కు కొలవమని ఇచ్చాడు. 11.15కి ఆమె ప్యాకెట్‌తో పాటు సంతకం చేసిన రిపోర్టు తెచ్చింది.

"కొలిచాను సార్. ఇది నా పొడే."

ఆలస్యం అమృతం విషం అంటారు. తొందర ఎంత విషమో ఇన్‌స్పెక్టర్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. అందరూ చూస్తుండగా తాత కాలర్ పట్టుకుని జీపెక్కించాడు. ఇరవై రోజుల్లో రిటైరయ్యే మనిషి. ముప్పై ఏళ్లలో ఎవరిచేతా ఒక మాట పడలేదు.

మధ్యాహ్నం 2.10. స్టేషన్. ఇన్‌స్పెక్టర్ పొడిని కాగితం మీద పోసి, కింద అయస్కాంతం ఆడిస్తున్నాడు.

బెంచీ మీదనుంచి తాత మెల్లగా అన్నాడు. "అయస్కాంతం తీసేయండి బాబూ."

తీశాడు. పొడి ఇంకా ముళ్లుముళ్లుగా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంది.

"చూశారా? అమ్మాయిగారి పొడి ఇలా ఉండకూడదు. అయస్కాంతం తీయగానే దాన్ని మరిచిపోవాలి, విడిపోవాలి. లేకపోతే రక్తనాళంలో గడ్డకడుతుంది. మా మిషను కొలిచేది అదే కదా."

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిస్తేగా."

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తీశాడు. పొద్దున చదవకుండా వదిలేసిన చివరి లైను. 'అయస్కాంత ఫీల్డ్ తీసేశాక మిగిలిన అయస్కాంతత్వం: సున్నా.'

కాగితం మీది ముళ్లు మళ్లీ చూసి, పొడిని ప్యాకెట్‌లో వేసుకుని లేచాడు.

2.50. లేబొరేటరీ. నిపుణులు, సిబ్బంది, రీసెర్చర్ అందరూ ఉన్నారు. అయస్కాంతత్వం కొలిచే మాగ్నెటోమీటర్‌లో ప్యాకెట్ పొడి పెట్టించాడు. స్క్రీన్ మీద గీత పైకెక్కింది, వేరే దారిన దిగింది. ఫీల్డ్ సున్నాకు వచ్చినా గీత సున్నాకు రాలేదు.

"మీకు సున్నా ఎలా వచ్చింది?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

రీసెర్చర్ స్క్రీన్ మీంచి చూపు తిప్పుకుంది.

"ఇది తాళంచెవి పొడి. మీరు కొలవనే లేదు. మీ సీసా ఎక్కడ?"

"సింకులో పోసేశాను." ఆమె అంది. "కొత్త బ్యాచ్ పాడైంది సార్. దానికీ ఇలాగే గీత సున్నాకు రాదు. పాత బ్యాచ్ గ్రాఫ్ చూపిస్తూ వచ్చాను. మూడింటికి బయటపడిపోతుందని... తాత మీదికి పోతుందనుకోలేదు."

"పోయాక?"

"ఊరుకున్నాను. తప్పుడు రిపోర్టు కూడా రాశాను." ఏడ్చేసింది. "నాకు గరిటె పట్టుకోవడం నేర్పిందే ఆయన."

ఆమెను తిట్టడానికి ఇన్‌స్పెక్టర్‌కు నోరు రాలేదు. ఆమె రాసింది కాగితం మీద. కాలర్ పట్టుకున్నది తను.

మర్నాడు 9.30. తాతను ఇంటి దగ్గర్నుంచి జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. సిబ్బంది అందరి ముందూ చేతులు జోడించాడు.

"తప్పు నాది తాతా. మీరు చెప్పబోతే వినలేదు. క్షమించండి."

"పర్లేదు బాబూ. మీ డ్యూటీ మీది."

తాత గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. రెండు జేబులూ బయటికి లాగి, దులిపి, ఖాళీవని చూపిస్తూ నిలబడ్డాడు.

ఎవరూ అడగలేదు.

ఆ జేబుల్ని లోపలికి సర్దుదామని ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. తాత ఉలిక్కిపడి తన కాలర్ పట్టుకున్నాడు.